నోటితో వేసిన ఓటు

ఆంబ్రోస్ టాలివర్ బెల్‌ఫోర్డ్‌కి తిరిగొచ్చి ఏడాది కావస్తోంది. ఇంతవరకూ ఒక్కడూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు.

అలాగని జనం మాట్లాడకపోలేదు. కెంటకీ జనం మర్యాదకి పెట్టింది పేరు. అంగడి వీధిలో ఎదురుపడితే టోపీ ఎత్తుతారు. "రాయబారి గారూ, ఎండ మండిపోతోంది, మీ కీటోలో ఇలాగే ఉండేదా" అంటారు. అతను జవాబు చెప్పేలోపు దాటిపోతారు. ఆ 'గారు' వెనక నవ్వు ఉంటుంది. మూల తిరిగాక ఆ నవ్వు బయటికొస్తుంది. అతని చెవులు ఇంకా బాగానే పనిచేస్తాయి, అదే ఇబ్బంది.

ఒకప్పుడు ఈ ఊళ్ళో అతని గొంతే గొంతు. ప్లీడరు. కోర్టు మెట్ల మీద నిలబడి మాట్లాడితే వాగు అవతల మిల్లులో పిండి పట్టించుకునేవాళ్ళు పని ఆపి వినేవారు. ఆ గొంతుతోనే రాష్ట్ర శాసనసభకి రెండుసార్లు పోయాడు, వాషింగ్టన్ సభకి ఒకసారి పోయాడు. దక్షిణాది రాష్ట్రాలు దేశంలోంచి విడిపోతామని జెండాలు ఎగరేసినప్పుడు అవే మెట్లెక్కి, దేశాన్ని చీల్చే కత్తి ముందు నన్ను చీల్చాలి అని అరిచాడు. సగం ఊరు ఆ రోజే అతనికి దూరమైంది. మిగతా సగం చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళి తలుపులు గడియ పెట్టుకుంది. కెంటకీ అప్పుడు గోడ మీద పిల్లి. ఇలాంటి గొంతు ఒకటి పక్కనుంటే పిల్లి బెదిరి అటువైపు దూకుతుందని అతని పార్టీ పెద్దలు భయపడ్డారు. అందుకని పదవిచ్చారు. దక్షిణ అమెరికా కొండల్లో, మబ్బుల పైన ఉండే కీటో పట్టణానికి అమెరికా రాయబారి. ఊరంతా బ్యాండు మేళంతో సాగనంపింది. అది పదవి కాదు, నోట్లో కుక్కిన గుడ్డ. అతనికి ఆ సంగతి ఓడ కదిలాక గాని తెలియలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. ఆ మెట్ల మీద దేశం గురించి అరిచాడు గాని బానిసల గురించి ఏనాడూ అరవలేదు. అతని ఇంట్లోనే నలుగురున్నారు. ఓడెక్కే ముందు ఆ నలుగురినీ తాళ్ళ కార్ఖానాకి అద్దెకిచ్చి పోయాడు.

కీటోలో తొమ్మిదేళ్ళు. అక్కడ గట్టిగా మాట్లాడితే మోటుమనిషి అంటారు. ఔననడం ప్రమాదం, కాదనడం ఇంకా ప్రమాదం. "పరిశీలించదగిన విషయం." "మా ప్రభుత్వం దృష్టికి తీసుకువెళతాను." ఈ రెండు ముక్కలతో తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాడు. అతని నివేదికలు వాషింగ్టన్‌లో ఎవరైనా చదివారో లేదో దేవుడికే తెలియాలి. భార్య లవీనియా అక్కడే చలిజ్వరంతో పోయింది. ప్రొటెస్టెంటు మనిషని ఊరి శ్మశానంలో చోటివ్వలేదు. ఊరి బయట ఒక మట్టిగోడ పక్కన పూడ్చి, మర్నాడు ఎవరి విందుకో కోటు తొడుక్కుని వెళ్ళాడు. వెళ్ళకపోతే అమర్యాద.

వాషింగ్టన్‌లో అధికారం చేతులు మారింది, ఇంకెవడికో ఆ పదవి కావాల్సొచ్చింది, ఇతన్ని ఇంటికి రమ్మన్నారు. వచ్చాడు. పిల్లలు లేరు. ఇంట్లో మనిషి లేదు. మొక్కజొన్న రొట్టె, పంది మాంసం తనే వేయించుకుని కిటికీ దగ్గర తింటాడు. చర్చిలో అతను కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోరు. దక్షిణాదివైపు పోరాడి వచ్చినవాళ్ళకి అతను ద్రోహి. ఉత్తరాదివైపు పోరాడినవాళ్ళకి యుద్ధంలో లేకుండా పారిపోయినవాడు. అందుకే శాసనసభకి నిలబడ్డాడు. చట్టాలు చేద్దామని కాదు. మళ్ళీ ఒకసారి కోర్టు గదిలో కూర్చుని, తనవాళ్ళు తన పేరు పలుకుతుంటే వినాలని. ఇక్కడ ఓటంటే కోర్టు గదిలో పేరు పైకి చెప్పడమే. అరవై దాటినవాడి ఆశ అంతకన్నా పెద్దది కాదు.

ఎదుట నిలబడ్డది కర్నల్ రూఫస్ డాబ్నీ. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వాగులో ఈతలు కొట్టారు. యుద్ధంలో డాబ్నీ దక్షిణాది పక్షాన కత్తి పట్టి, ఎడమ చేతి రెండు వేళ్ళు పోగొట్టుకుని వచ్చాడు. ఓడిన సైన్యంలోంచి వచ్చినవాడికి ఆ ఊళ్ళో గెలిచినవాడికి మించిన గౌరవం.

ఎన్నిక ఆగస్టు మొదటి సోమవారం. అంతకు ముందు శుక్రవారం టాలివర్ తన కంచరగాడిదని కమ్మరి కొలిమికి తోలుకెళ్ళాడు.

"ఎఫ్రాయిమ్, దీని కుడి ముందు కాలు లాడం ఊగుతోందిరా. చూడు."

తిత్తి ఊదుతున్న నల్లమనిషి వెనక్కి తిరగలేదు. "చూస్తాను. 'రా' లేకపోతే ఇంకా బాగా చూస్తాను."

ఎఫ్రాయిమ్ బర్డెట్ ఒకప్పుడు టాలివర్ ఇంటి బానిస. తాళ్ళ కార్ఖానాకి అద్దెకిచ్చిన నలుగురిలో ఒకడు. యుద్ధం మధ్యలో కార్ఖానా గోడ దూకి, ఉత్తరాది సైన్యంలో చేరి, తుపాకీ పట్టి, స్వేచ్ఛ సంపాదించుకున్నాడు. యజమాని ఇంటిపేరు వద్దని తనకి నచ్చిన ఇంటిపేరు పెట్టుకున్నాడు.

టాలివర్ గొంతు సవరించుకున్నాడు. "చూడవయ్యా."

"ఇది నయం." కాలెత్తి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. మేకులు పీకుతూనే అడిగాడు. "కర్నల్ గారు సంతలో ఏమన్నారో విన్నారా?"

"విన్నాను."

"నల్లోడి నోరు కోర్టు గడప తొక్కాలంటే తన శవాన్ని దాటాలన్నారు. నాకు నచ్చలేదు గాని అర్థమైంది. మా చర్చికొచ్చి మీరన్నది మాత్రం అర్థం కాలేదు, టాలివర్ గారూ."

"నేను అనుకూలంగానే మాట్లాడాను కదయ్యా."

"సానుభూతితో పరిశీలించదగిన విషయం అన్నారు. మా సూసన్నా పెద్దమ్మ నా వైపు తిరిగి, ఏరా, ఔనన్నాడా కాదన్నాడా అని అడిగింది. లేదు పెద్దమ్మా, ఆయన తుమ్మారు అన్నాను."

టాలివర్‌కి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు.

అడిగిన విషయం చిన్నది కాదు. దేశం మొత్తం మీద నల్లవాళ్ళకి ఓటు వచ్చింది. కెంటకీ కోర్టుల్లో మాత్రం తెల్లవాడి మీద నల్లవాడి సాక్ష్యం ఇంకా చెల్లదు. కళ్ళెదుట హత్య జరిగినా చూసింది నల్ల కళ్ళయితే ఎవరూ చూడనట్టే. ఆ చట్టం మార్చాలంటే శాసనసభలో మార్చాలి.

"చలికాలంలో ఈ కొలిమి తగలబెట్టారు, మళ్ళీ కట్టుకున్నాను" అన్నాడు ఎఫ్రాయిమ్. "గోతాలకి చిల్లులు పెట్టుకుని మొహాలకి తొడుక్కొచ్చారు. ఒకడి గోతం జారింది, చూశాను. వాడి గుర్రానికి లాడాలు కొట్టింది నేనే. షరీఫు దగ్గరికెళ్ళి పేరు చెప్పాను. చెప్పడానికి నీకు నోరుంది గాని రాసుకోవడానికి నాకు చట్టం లేదన్నాడు." లాడం పక్కకి విసిరాడు. "సోమవారం అదే షరీఫు ముందు నిలబడి ఏ పేరు చెప్పినా రాసుకుంటాడు. ఓటుకి పనికొచ్చే నోరు సాక్ష్యానికి ఎందుకు పనికిరాదు? అదొక్కటే అడుగుతున్నాం."

టాలివర్ గుమ్మం వైపు చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. అయినా గొంతు తగ్గించాడు. "నేను గెలిస్తే ఆ చట్టం మార్చడానికి ఓటేస్తాను."

"ఇదే మాట గట్టిగా అనండి."

"అన్నాను కదయ్యా."

"తిత్తికి వినపడింది. రోడ్డుకి వినపడలేదు."

ఎఫ్రాయిమ్ కొత్త లాడం ఎర్రగా కాల్చి, దాగలి దిమ్మ మీద పెట్టి, సాగగొట్టి, నీళ్ళలో ముంచాడు. ఆవిరి లేచింది.

"పోనీ, ఇంకోటి అడుగుతా. సోమవారం మీ పేరు చెప్పిన ప్రతివాడికీ మీరు లేచి నిలబడి, పేరుపేరునా కృతజ్ఞత చెప్పాలి. అది పద్ధతి. మాకూ లేస్తారా?"

"లేస్తాను."

"పేరుకి గారు తగిలిస్తారా?"

"తగిలిస్తాను."

ఎఫ్రాయిమ్ మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. "అయితే మావాళ్ళందరినీ తీసుకొస్తా. ఒకళ్ళ వెనక ఒకళ్ళం వచ్చి మీ పేరే చెప్తాం. అందరం చెబితే ఎవరి ఇల్లు తగలబెట్టాలో వాళ్ళకి తేలదు. ఒక్కడు చెబితే తేలుతుంది. అది గుర్తుంచుకోండి."

టాలివర్ సరేనన్నాడు. గుర్తుంచుకుంటాననే అనుకున్నాడు.

సోమవారం తెల్లవారేసరికి కోర్టు ఆవరణ సంతలా ఉంది. ఇనప కాగుల్లో బర్గూ పులుసు ఉడుకుతోంది. ఉడత, కోడి, గొర్రె, బెండకాయ, దొరికినదల్లా అందులోనే. విస్కీ పీపా మూత అప్పుడే తీశారు. లోపల కోర్టు గదిలో పొడుగు బల్ల. బల్ల వెనక గుమాస్తా, ఇద్దరు న్యాయాధికారులు, పక్కన పోలీసు పెద్ద షరీఫు ప్రూయిట్. బల్లకి రెండు చివరలా అభ్యర్థులకి చెరో కుర్చీ. ఓటరు వచ్చి నిలబడతాడు, తనకి కావలసినవాడి పేరు పైకి చెప్తాడు, గుమాస్తా రాసుకుంటాడు, షరీఫు ఆ పేరు కిటికీలోంచి ఆవరణకంతా వినపడేలా కేకేస్తాడు. రహస్యం లేదు. భూమి కౌలుకిచ్చినవాడు, పనిలో పెట్టుకున్నవాడు అక్కడే నిలబడి వింటుంటారు. దాన్నే స్వేచ్ఛగా ఓటెయ్యడం అన్నారు.

కిటికీ అవతల, కంచె పక్కన, నల్లవాళ్ళు ఆదివారం బట్టలు వేసుకుని నిలబడ్డారు. పాతికమందికి పైనే ఉంటారు. తెల్లవాళ్ళ వరస అయ్యాక వాళ్ళ వరస. ఎఫ్రాయిమ్ ముందున్నాడు. టాలివర్ అతన్ని చూసి తల కొంచెం వంచాడు. అతనూ వంచాడు.

అంతలో భుజం మీద ఓ చెయ్యి పడింది. మూడు వేళ్ళ చెయ్యి.

"ఒరేయ్ ఆంబ్రోస్."

టాలివర్ ఒళ్ళు జల్లుమంది. ఏడాది కావస్తోంది ఆ పేరు చెవిన పడి.

"ఏరా, ముసలాడివైపోయావు" అన్నాడు డాబ్నీ, పక్కన కుర్చీ లాక్కుని. "కీటోలో తిండి పెట్టలేదా? వాగులో మీ నాన్న బెల్టు పట్టుకుని మన వెంట పడ్డాడు, గుర్తుందా? బట్టలు వాగులోనే వదిలేసి చర్చి వీధిలోంచి పరిగెత్తాం."

"పాస్టరు గారి భార్య చూసింది."

"చూసి ఇన్నాళ్ళు బతికింది, గట్టి మనిషి."

ఇద్దరూ నవ్వారు. గదిలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఈసారి ఆ నవ్వు టాలివర్ వెనక లేదు, అతనితోపాటే ఉంది. చలికాలంలో బయటినుంచి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నట్టయింది అతనికి.

"పాత పద్ధతి పోనివ్వకూడదురా" అన్నాడు డాబ్నీ. "మన తండ్రుల కాలంలో ఎలా చేసేవారు? నువ్వు నా పేరు చెప్పు, నేను నీ పేరు చెప్తాను. ఎన్నికలో పోటీ పడినా పెద్దమనుషులం కదా."

నిజమే. అది ఆ దేశపు పెద్దమనుషుల ఆచారం. అభ్యర్థి తన పేరు తను చెప్పుకోవడం లేకితనం. ఎదుటివాడి పేరు చెప్పాలి, ఎదుటివాడు ఇతని పేరు చెప్పాలి. లెక్క సరిపోతుంది, పరువూ నిలుస్తుంది. యుద్ధం తర్వాత ఎవరూ పాటించడం లేదు. టాలివర్ యుద్ధానికి ముందు వెళ్ళినవాడు. అతని తలలో ఉన్న కెంటకీ ఆ పాతదే.

"తప్పకుండా, రూఫస్."

"నువ్వు ముందు కానీ. నా సంగతి నేను చూసుకుంటాలే. మాటంటే మాటే."

టాలివర్ లేచి బల్ల ముందు నిలబడ్డాడు. మెల్లగా, కీటో గొంతుతో చెప్పాడు. "కర్నల్ రూఫస్ డాబ్నీ."

గుమాస్తా చెవి ముందుకి పెట్టాడు. షరీఫు ప్రూయిట్ అన్నాడు, "గట్టిగా చెప్పాలి రాయబారి గారూ. ఇది విందు కాదు, ఎన్నిక."

గదంతా అతన్నే చూస్తోంది. డాబ్నీ చిరునవ్వు నవ్వుతున్నాడు. టాలివర్ ఛాతీ నింపుకున్నాడు. పదేళ్ళుగా అణిగిపోయిన గొంతు ఎక్కడినుంచి వచ్చిందో గాని వచ్చింది. మిల్లు దాకా వినపడే పాత గొంతు.

"కర్నల్ రూఫస్ డాబ్నీ."

షరీఫు కేకేయాల్సిన పని కూడా లేకపోయింది. అయినా కేకేశాడు. "ఆంబ్రోస్ టాలివర్ ఓటు, కర్నల్ డాబ్నీకి." ఆవరణంతా ఒక్క పెట్టున నవ్వింది. "రాయబారి గారికి రాయబారి గారి ఓటు కూడా పడలేదురోయ్" అన్నాడెవడో. డాబ్నీ లేచి, తల వంచి, పద్ధతి ప్రకారం కృతజ్ఞత చెప్పాడు. ఎంత అందంగా చెప్పాడో.

టాలివర్ నవ్వుతూనే కిటికీ వైపు చూశాడు.

కంచె పక్కన ఎవరూ నవ్వడం లేదు. వాళ్ళు ఓటెయ్యడం ఇది రెండో ఏడు. పెద్దమనుషులు పేర్లు ఇచ్చిపుచ్చుకుంటారని వాళ్ళకెవరు చెప్పారు? వాళ్ళు విన్నది ఒక్కటే. తమ సాక్ష్యం కోసం నిలబడతానన్నవాడు, తమ నోరు కోర్టు గడప తొక్కనివ్వనన్నవాడికి ఓటేశాడు. అది కూడా తమకి మాటిచ్చిన గొంతుతో కాదు. దానికి పదింతల గొంతుతో.

ఒక ముసలాయన ఎఫ్రాయిమ్‌ని ఏదో అడిగాడు. ఎఫ్రాయిమ్ కిటికీ వైపే చూస్తున్నాడు. ముసలాయన టోపీ పెట్టుకుని గేటు వైపు నడిచాడు. ఇంకో ఇద్దరు నడిచారు. తర్వాత వరసంతా, తొందర లేకుండా, పూడ్చిపెట్టి వస్తున్నవాళ్ళలా నడిచింది.

టాలివర్ కుర్చీలోంచి సగం లేచాడు. పరిగెత్తి ఆపొచ్చు. ఇది మర్యాద, ఇప్పుడు ఇతను కూడా నా పేరు చెప్తాడు అని అరవొచ్చు. కాని చేసిన మర్యాదకి అందరి ముందూ సంజాయిషీ చెప్పుకునేవాడు పెద్దమనిషా? మూడు వేళ్ళు భుజాన్ని మెత్తగా నొక్కాయి.

"కూచోరా ఆంబ్రోస్. ఎండన పడి ఎక్కడికి?"

కూర్చున్నాడు. ఆ కూర్చోవడాన్ని క్షమించడానికి కారణం ఒక్కటీ లేదు. పేరు పెట్టి పిలిచాడని కూర్చున్నాడు, అంతే.

ఇక మొదలైంది. ఒకడి తర్వాత ఒకడు వచ్చారు. తను వీలునామాలు రాసిపెట్టిన ఇళ్ళవాళ్ళు, తను వాదించి జైలు తప్పించినవాళ్ళు. "డాబ్నీ." "కర్నల్ డాబ్నీ." "ఏమనుకోకండి రాయబారి గారూ, డాబ్నీ." కొందరు నేల చూసి చెప్పారు. కొందరు అతని కళ్ళలోకి చూసే చెప్పారు. లాన్ హార్గిస్ అనే కుర్రవాడు, మాటకి ముందు ముక్కుతో ఒక ఎగబీల్పు, కర్నల్ పేరు పాటలా సాగదీసి పాడాడు. కసాయి క్రెన్షా, గొంతులో కంకర నలుగుతున్నట్టు, "డాబ్నీ, ఇంకెవరున్నారని" అన్నాడు. మధ్యమధ్య ఉత్తరాది పక్షం రైతులు వచ్చి టాలివర్ పేరు చెప్పారు. ప్రతిసారీ లేచి, వాళ్ళ పేరుకి గారు చేర్చి కృతజ్ఞత చెప్పాడు. మిగతా వేళంతా గొంతులు వింటూ కూర్చున్నాడు. తన ఊరి గొంతులన్నీ ఒక్కచోట వినాలని కదా కోరుకున్నాడు. విన్నాడు.

నడిమి పొద్దు దాటాక తెల్లవాళ్ళ వరస ఆగింది. ఎఫ్రాయిమ్ వచ్చాడు. ఒక్కడే.

షరీఫు అడిగాడు, "ఏరా, నీ వెనకాల మంద ఏదీ?"

"ఓటెయ్యడానికి వచ్చాను, షరీఫు గారూ. అడగాల్సింది అడగండి."

"ఎవరికి?"

ఎఫ్రాయిమ్ టాలివర్ వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. రోడ్డు మీద కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఆంబ్రోస్ టాలివర్" అన్నాడు. కిటికీ బయటికి కూడా వినపడేలా అన్నాడు.

షరీఫు కేకేశాడు. ఆవరణలో చప్పుడు ఆగింది. ముక్కు ఎగబీల్చి ఎవడో అన్నాడు, "ఒక్కడేరోయ్. గుర్తుపెట్టుకోండి."

టాలివర్ లేచి నిలబడ్డాడు. "బర్డెట్ గారూ" అన్నాడు. "మీకు నా కృతజ్ఞతలు." ఒక తెల్లవాడి నోట ఆ గదిలో ఒక నల్లవాడికి గారు పడటం అదే మొదలు. షరీఫు కనుబొమలు లేచాయి. ఎఫ్రాయిమ్ తల వంచి వెళ్ళిపోయాడు. ఇచ్చిన మాట చెల్లింది. కాని గారు తగిలిస్తే కొలిమికి నిప్పంటుకోకుండా ఉండదు.

పొద్దు ఇంకా కొండమీద ఉండగానే ఓట్లు ముగిసే వేళయింది. అప్పుడు లేచాడు డాబ్నీ. కోటు సర్దుకుని, బల్ల ముందు నిలబడి, తియ్యగా పలికాడు. "ఆంబ్రోస్ టాలివర్." వెనక్కి తిరిగి కన్నుగీటాడు. "చెప్పాను కదరా, మాటంటే మాటే."

కీటోలో టాలివర్ తేదీ లేని ఒప్పందం మీద సంతకం పెట్టి ఎరగడు. తేదీ కోసం మూడు వారాలు వాదించిన రోజులున్నాయి. ఇక్కడ ఎప్పుడు చెప్తావని అడగనే లేదు. లెక్క తేలింది. గేటు దాటి పోయిన పాతిక గొంతులు ఉండి ఉంటే గెలిచేవాడు.

కొలిమి దగ్గర బండి నిలబడి ఉంది. ఎఫ్రాయిమ్, అతని భార్య డెల్సీ సామాను ఎక్కిస్తున్నారు.

"అది మర్యాద, ఎఫ్రాయిమ్" అన్నాడు టాలివర్, గాడిద దిగకముందే. "పాత ఆచారం. నేను అతని పేరు చెప్తాను, అతను నా పేరు చెప్తాడు. ఓటుకి ఓటు."

"ఓహో. చెప్పారా ఆయన?"

"చెప్పాడు. ఇందాకే."

"మావాళ్ళు ఇళ్ళకి పోయాక." ఎఫ్రాయిమ్ తాడు బిగించాడు. "మీ ఇద్దరి మర్యాదా బాగానే ఉంది. కంచె పక్కన మేం నిలబడ్డామని మీకు గుర్తు రాలేదు. అంతే కదా."

"అంతే" అన్నాడు టాలివర్. గాడిద దిగి అడిగాడు.

"మరి నువ్వెందుకు చెప్పావు నా పేరు? వాళ్ళతోపాటు వెళ్ళిపోవాల్సింది."

"చెప్తానని మీతో అన్నాను గనక."

డెల్సీ వంటగిన్నెల బుట్ట తీసుకుని వచ్చింది. "ఈయనకి మాటంటే పిచ్చి. వద్దని కాళ్ళు పట్టుకున్నాను. పక్కకి జరగండి రాయబారి గారూ, నా బొంత తొక్కుతున్నారు."

జరిగాడు. వాళ్ళు ఒహాయో నది దాటి పోతున్నారు. డెల్సీ అక్క అక్కడుంది. బండి నిండింది. దాగలి ఎక్కలేదు. దాన్ని ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి, ఆ సాయంత్రం ఆ వీధిలో నలుగురు మనుషులు లేరు. ఎఫ్రాయిమ్ దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచి, తీసేశాడు.

"నేనిక్కడ కూర్చుంటాను" అన్నాడు టాలివర్. "ఎవరైనా వస్తే."

"వస్తే ఏం చేస్తారు, సానుభూతితో పరిశీలిస్తారా?"

డెల్సీ ముసిముసిగా నవ్వింది. టాలివర్ కోటు విప్పి, మడిచి, దాగలి మీద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. ఎఫ్రాయిమ్ అతన్ని కాసేపు చూశాడు. బండెక్కాక అన్నాడు, "నిప్పు ఇంకా ఆరలేదు. కోటు జాగ్రత్త."

బండి చప్పుడు వంతెన దాకా వినపడింది. తర్వాత అదీ లేదు. కొలిమిలో బొగ్గులు చిటపటమంటున్నాయి. ఎన్నో ఖాళీ ఇళ్ళల్లో కూర్చున్న మనిషి టాలివర్. కీటోలో లవీనియా పోయాక ఆ పెద్ద ఇంట్లో కూర్చున్నాడు. ఇక్కడ వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాడు. కాని ఎవడో వస్తాడని తెలిసి కూర్చోవడం ఇదే మొదటిసారి.

వాళ్ళు చీకటి పడేదాకా కూడా ఆగలేదు. గెలిచిన రోజు, కడుపులో విస్కీ, ఎవరికి భయపడాలి? రోడ్డు మీద వెలుతురుండగానే గుర్రాలొచ్చాయి. గోతాల మొహాలు, చేతుల్లో వెలగని దివిటీలు.

ముక్కు ఒకటి ఎగబీల్చింది. "లోపలున్నోడు బయటికి రావాలి. ఎవడ్రా అది?"

టాలివర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పొద్దున్నే చెప్పాల్సిన పేరు అది. ఊపిరి నింపుకుని, మిల్లు దాకా వినపడేలా చెప్పాడు.

"ఆంబ్రోస్ టాలివర్."

గుర్రాలు వెనక్కి తగ్గాయి. గోతాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. గొంతులో కంకర నలిగింది. "రాయబారి గారూ, ఇది మీ పని కాదు. ఇంటికెళ్ళండి."

"మాంసం కొట్టు కట్టేసి వచ్చావా, క్రెన్షా? నీ పక్కనున్నది లాన్ హార్గిస్. జలుబుకి మందు తీసుకోరా అబ్బాయ్, పొద్దుటినుంచీ ఎగబీలుస్తున్నావు."

వెనకనుంచి ఒకడు, గొంతు చీరుకుపోయి, గుసగుసగా, "పదండ్రా" అన్నాడు.

"షరీఫు గారూ, మీరు మాట్లాడకండి. పొద్దంతా పేర్లు కేకేసి గొంతు పోయింది." టాలివర్ ఇంకో అడుగు ముందుకేశాడు. గొంతు వణకలేదు. "పొద్దుటినుంచీ మీ గొంతులే విన్నాను. నాకు వేరే పనేముంది? ఒక్కొక్కరి పేరు చెప్పగలను. నాది తెల్ల నోరు. మీ చట్టం ప్రకారమే కోర్టు రాసుకోవాలి."

చాలాసేపు గుర్రాల తోకలే కదిలాయి. ఆఖరికి క్రెన్షా ఉమ్మేసి కళ్ళెం తిప్పాడు. "ఈ ఊళ్ళో ఇక నీతో మాట్లాడేవాడు ఒక్కడుండడు, ముసలోడా."

వెళ్ళిపోయారు. టాలివర్ మళ్ళీ వచ్చి దాగలి మీద కూర్చున్నాడు. బొగ్గులు బూడిదయ్యేదాకా కూర్చున్నాడు.

అతన్ని వీరుణ్ణి చెయ్యనక్కర్లేదు. పొద్దున్న చెయ్యాల్సింది సాయంత్రం చేశాడు. ఆ మధ్యలో ఒక కుటుంబం ఊరొదిలింది. క్రెన్షా అన్నది మాత్రం నిజమైంది. ఎవరూ టోపీ ఎత్తలేదు. వెటకారానికైనా రాయబారి గారూ అనలేదు. డాబ్నీ వీధి దాటి అవతలి పక్కకి పోయేవాడు. చర్చిలో ఒక్క బల్ల కాదు, ముందు బల్లా వెనక బల్లా కూడా ఖాళీ అయ్యాయి.

ఆకులు రాలే కాలంలో, ముసుగులు వేసుకుని కొలిమి తగలబెట్టడానికి వచ్చారన్న కేసు కోర్టుకొచ్చింది. ఫిర్యాదు అతనిదే. ఆవరణ నిండా జనం, లోపల ఊరంతా. జ్యూరీలో పన్నెండు మందీ డాబ్నీకి ఓటేసినవాళ్ళే. వాళ్ళు ఆ ముగ్గురినీ వదిలేస్తారని టాలివర్‌కి తెలుసు. వదిలేశారు కూడా. అయినా చెప్పాల్సింది చెబితే గుమాస్తా రాసుకోక తప్పదు.

బోనుకి దూరంగా, అటూ ఇటూ ఖాళీ ఉన్న బల్ల మీద అతను టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా, బంట్రోతు గుమ్మంలో నిలబడి పద్ధతి ప్రకారం మూడుసార్లు కేకేశాడు.

"ఆంబ్రోస్ టాలివర్. ఆంబ్రోస్ టాలివర్. ఆంబ్రోస్ టాలివర్."

మూడోసారి కూడా విని, అప్పుడు లేచాడు.